1970 పోర్షె 911లో పెట్రోల్ హీటర్: వెలుగుతోంది, వెంటనే ఆరిపోతోంది

వెనకింజన్:
అందరికీ నమస్కారం. నాది 1970 మోడల్ 911టీ. ముందు డిక్కీలో, ట్యాంకు వెనక ఉన్న గుంటలో ఎబర్‌ష్పేహర్ కంపెనీ పెట్రోల్ హీటర్ ఉంది, పెట్రోల్ మండించి క్యాబిన్‌కు వేడిగాలి పంపేది. కారు కొని ఆరేళ్లయినా దాని జోలికి వెళ్లలేదు. ఇంజన్ వేడితో పనిచేసే హీటర్‌తోనే నెట్టుకొచ్చాను. గాలితో చల్లబడే ఇంజన్ కదా, సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే ఆ కాస్త వేడీ పోతుంది, అద్దానికి లోపల ఆవిరి పట్టేస్తుంది.

ఈసారి దీన్ని బాగుచేద్దామని కూర్చున్నాను. స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతోంది, పంపు టిక్‌టిక్‌మంటోంది. కాసేపటికి కింద తెల్లపొగ, తర్వాత ధబ్‌మని ఒక చప్పుడు, కొద్దిగా వేడిగాలి, అంతే, ఆరిపోతోంది. నాలుగుసార్లు ప్రయత్నించాను. విప్పి చూస్తే, వేడి మితిమీరితే హీటర్‌ను ఆపే ఓవర్‌హీట్ స్విచ్ రెండు వైర్లూ ఒకదానికొకటి మెలేసి టేపు చుట్టి ఉన్నాయి. నాకంటే ముందు ఎవరో చేసిన పని. తెలిసినాయన ఒకరు "ఫ్లేమ్ స్విచ్ కూడా అలాగే కలిపెయ్, ఇక ఆరదు" అంటున్నారు. కలపనా?

మసిచేతులు:
వద్దండీ. ముందు ట్యాంకు నుంచి వచ్చే పైపు మూసేసి, హీటర్ ఫ్యూజు తీసి పక్కన పెట్టండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మంట వెలిగిందా లేదా అని కనిపెట్టి, వెలగకపోతే పంపు ఆపేది ఆ ఫ్లేమ్ స్విచ్. దాన్ని కలిపేస్తే మంట లేకున్నా పంపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. మీకు వినిపించిన చప్పుడు అలా లోపల చేరిన పెట్రోల్ ఆవిరి ఒక్కసారిగా అంటుకోవడం వల్ల వచ్చిందే. తెల్లపొగ కూడా కాలని పెట్రోలే. వరుసగా నాలుగుసార్లు స్విచ్ వేశారంటే నాలుగు విడతల పెట్రోల్ లోపలికి వెళ్లింది. అది కూడా మీ కాళ్లకు, ట్యాంకుకు మధ్య ఉన్న చోటులో.

నేను ఇలాంటి హీటర్లు ఇప్పటికి పదకొండు విప్పాను. ఎలక్ట్రికల్ పని ఎప్పుడూ రెండోదే. మొదట చూసేది హీట్ ఎక్స్‌ఛేంజర్. ఒక పక్క మంట, పొగ. రెండో పక్క మీరు పీల్చే గాలి. మధ్యలో ఉన్నది పల్చటి రేకు. యాభై ఏళ్లుగా కాలుతూ చల్లారుతూ వచ్చిన రేకు అది. దానికి వెంట్రుకవాసి పగులున్నా కార్బన్ మోనాక్సైడ్ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, మగత వస్తే డ్రైవింగ్ అలసట అనుకుంటాం.

పరీక్ష ఇలా చేయండి. హీటర్ మొత్తం బయటికి తీయండి. బర్నర్ విడదీసి, ఎక్స్‌ఛేంజర్ ఒక్కటే చేతిలోకి తీసుకోండి. బర్నర్ కూర్చునే నోటికి రబ్బరు వేసి ఒక ప్లేటు బిగించండి. పొగగొట్టం రంధ్రంలో రబ్బరు బిరడా పెట్టి, దానిగుండా సైకిల్ పంపుతో మెల్లగా గాలి ఎక్కించండి. ఎక్కువ ఒత్తిడి పెట్టకండి, రేకు ఉబ్బుతుంది. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే నీళ్లలో ముంచండి. అతుకుల వెంట మెల్లగా తిప్పుతూ చూడండి, ఒక్క బుడగ వచ్చినా ఆ ముక్క పనికిరాదు.

ఇంకొకటి. పాత గ్యాస్కెట్లలో, చుట్టిన తాడులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకకండి, వైర్ బ్రష్ అసలే వద్దు. తడిపి, సరైన మాస్కు పెట్టుకుని తీసి, కవర్లో మూటకట్టండి. నేను మొదటి రెండింటికి ఈ సంగతి తెలియక ఉత్త చేతులతో గీకాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వైరింగ్‌పిచ్చి:
ఎక్స్‌ఛేంజర్ గురించి మసిచేతులు గారు చెప్పింది ముందు చేయండి. తర్వాత వోల్టేజి. 1970 కారు కాబట్టి రెండు బ్యాటరీలుంటాయి, హెడ్‌లైట్ల వెనక ఒక్కో పక్క ఒకటి. రెండింటి ఎర్త్ పట్టీలూ తుప్పు పట్టే చోటే ఉంటాయి. హీటర్ కనెక్టర్ దగ్గర లోడ్ మీద, అంటే హీటర్ నడుస్తుండగా, ఎంత వస్తుందో కొలవండి. లోడ్ లేకుండా 12 చూపించి మోసం చేస్తుంది. వోల్టేజి తక్కువైతే మంటకు గాలినిచ్చే ఫ్యాను నెమ్మదిస్తుంది, మంట అంటించే ప్లగ్ సరిగ్గా పనిచేయదు, పెట్రోల్ సగమే కాలి మసి పడుతుంది. ఆ మసి ఫ్లేమ్ స్విచ్ మీద పేరుకుంటే మంట ఉన్నా దానికి తెలియదు.

ఎర్త్‌ను బానెట్ బోల్టు మీద వేయకండి. బ్యాటరీ దాకా విడిగా లాగండి.

వెనకింజన్:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి.

వోల్టేజి: బ్యాటరీ దగ్గర 12.4, హీటర్ దగ్గర లోడ్ మీద 10.1. ఎడమవైపు ఎర్త్ పట్టీ చేత్తో లాగితే ఊడొచ్చింది. కొత్తది వేశాక 11.9. ఫ్యాను చప్పుడే మారిపోయింది.

సంతోషం అక్కడితో ఆగింది. ఎక్స్‌ఛేంజర్ నీళ్లలో పెడితే పొగగొట్టం మొదలు దగ్గరి అతుకు నుంచి సన్నగా బుడగల వరుస. ఆ రోజు ఫ్లేమ్ స్విచ్ కలిపేసి, పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లి ఉంటే ఏమయ్యేదో. రాత్రి నిద్ర పట్టలేదు.

వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా?

మసిచేతులు:
నేనైతే చేయించను. టిగ్ వెల్డింగ్‌తో అతికించి వాడేవాళ్లున్నారు, తెలుసు. రేకు అప్పటికే పల్చబడి ఉంటుంది, వెల్డు పక్కనే మళ్లీ చీలుతుంది. ఈసారి చూసుకోవడానికి మీరు నీళ్లలో ముంచరు కదా. అదే మోడల్ మరో హీటర్ దొరికితే దాని ఎక్స్‌ఛేంజర్ వాడండి, కానీ దాన్నీ ముంచి చూశాకే.

బిగించేటప్పుడు పాత రబ్బరు పైపులన్నీ మార్చండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు మెత్తబడి చెమరుస్తుంది. ఇథనాల్‌కు తట్టుకుంటుందని పైపు మీద రాసి ఉన్నదే కొనండి, క్లిప్పులు అంచు కోయనివి వాడండి. మంటకు వెళ్లే గాలి కారు బయట నుంచే రావాలి. పొగగొట్టం చివర నేల రంధ్రాలకు, గాలి లాగే చోటుకు దూరంగా ఉండాలి, నీళ్లు కారిపోయేలా కాస్త వాలుగా. ఓవర్‌హీట్ స్విచ్ కొత్తది వేసి, పనిచేస్తోందని వేడిచేసి చూసుకున్నాకే డిక్కీ మూయండి. క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి.

స్విచ్ ఆపాక కూడా ఫ్యాను కొంతసేపు తిరుగుతుంది, లోపలి వేడి పోవడానికి. అది ఆగేదాకా బ్యాటరీ తీయకండి. బంకులోకి వెళ్లేముందే హీటర్ కట్టేయండి, ఆ ఫ్యాను ఆగాకే పెట్రోల్ కొట్టించండి.

తోలుసీట్లు:
ఇంకో దారి. వెబాస్టో, ఎబర్‌ష్పేహర్ ఇద్దరూ ఇప్పటికీ పెట్రోల్‌తో నడిచే చిన్న ఎయిర్ హీటర్లు చేస్తున్నారు. 2 కిలోవాట్ల సైజుది మన గుంటలో పడుతుంది, మంటను కంట్రోలరే చూసుకుంటుంది. పాతది శుభ్రం చేసి పెట్టెలో దాచుకోండి, కారు అమ్మేటప్పుడు దానితో పాటే ఇవ్వొచ్చు.

వెనకింజన్:
చాలాసేపు ఆలోచించాను. ఆ టిక్‌టిక్ చప్పుడు నాకు ఇష్టం, అసలుదే ఉండాలని ఉంది. మరో హీటర్ బేరం కుదిరింది, వచ్చేవారం చేతికొస్తుంది. ముందు బకెట్‌లో ముంచుతాను. బుడగ కనిపిస్తే తోలుసీట్లు గారి మాటే వింటాను. ఈలోపు ఫ్యూజు నా బల్ల సొరుగులోనే ఉంది.