టర్బో సి: హ్యూజ్ పాయింటర్ పెట్టినా ఫార్ హీప్ (ప్రోగ్రాం నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) పాడవుతోంది, ఎక్కడ వెతకాలి?

486 మెషీన్, 8 ఎంబీ ర్యామ్, ఎంఎస్-డాస్ 6.22, టర్బో సి++ 3.0, లార్జ్ మోడల్ (కోడ్‌కీ డేటాకీ ఫార్ పాయింటర్లు వాడే మెమరీ అమరిక). గండిపేట చెరువు లోతుల గ్రిడ్: 200 × 200 గళ్లు, గడికి 2 బైట్లు, మొత్తం 80,000.

మామూలు సంగతులు చూసేశాను. 16 బిట్ల ఇంట్‌లో ఆ లెక్క పొర్లి 14,464 అవుతుంది కాబట్టి 32 బిట్ల అన్‌సైన్డ్ లాంగ్‌గా మార్చే, ఫార్ హీప్‌లో జాగా కేటాయించే ఫార్‌మాలాక్‌కి ఇస్తున్నాను. ఫార్ పాయింటర్ ఆఫ్‌సెట్ 64కే దాటితే మళ్లీ సున్నాకొస్తుంది, అందుకే సెగ్మెంట్‌ని కూడా సర్దుకునే హ్యూజ్ పాయింటర్. మిగిలిన జాగా చెప్పే ఫార్‌కోర్‌లెఫ్ట్ 3 లక్షల బైట్లకు పైనే చూపిస్తోంది, జాగా కొరత లేదు. అయినా 1,000 గళ్ల నకలు తీసి క్యూసార్ట్ (వరుసలో పేర్చే లైబ్రరీ ఫంక్షన్) చేయగానే ఫార్‌హీప్‌చెక్ -1 (అంటే హీప్ పాడైంది) ఇస్తోంది. ఆపైన ఆ జాగాను వదిలే ఫార్‌ఫ్రీ దగ్గర మెషీన్ బిగుసుకుపోతోంది.

నా అనుమానం స్టాక్ (ఫంక్షన్ కాల్స్, లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) మీద. డీఫాల్ట్‌గా ఉండేది 4,096 బైట్లే. లార్జ్ మోడల్‌లో ఎస్‌పీ (స్టాక్ పాయింటర్) సున్నా కిందికి జారితే అదే సెగ్మెంట్ పైకొసకి చుట్టుకుంటుంది, అక్కడ ఉండేది ఫార్ హీప్! స్టాక్‌ని 16,384 చేస్తే క్రాష్ ఆగింది. రోగం కుదిరిందా, దాక్కుందా అన్నదే తేలడం లేదు.

కంపైలర్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో టెస్ట్ ఆన్ చేసినా సందేశం రాలేదు. ఆ తనిఖీ మన కోడ్‌కేనా, లైబ్రరీలోని క్యూసార్ట్‌కీ వర్తిస్తుందా? స్టాక్ ఎంత లోతు వాడిందో కొలవడానికి, ముందే 0xAA బైట్లతో నింపి చూడటం కన్నా తేలిక దారి ఉందా? ర్యామ్‌నీ తోసిపుచ్చాలి: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 72 పిన్నుల సిమ్ (పాతకాలపు ర్యామ్) మాడ్యూళ్లు ఇంకా దొరుకుతున్నాయా?