ఆరుద్ర పురుగులు మా చేన్లో కనబడటం లేదు, వాన మారినందుకేనా?

కళ్యాణదుర్గం రైతు:
మాది ఆరెకరాల ఎర్రనేల. నాయన కాలం నుంచి చెనిక్కాయే (వేరుశనగ). నా చిన్నప్పుడు తొలి పదునుకు చేన్లో నడవాలంటే భయం, ఆరుద్ర పురుగులు కాలికింద పడతాయని. ఎర్ర మఖమల్ ముక్కల్లా ఉండేవి. అగ్గిపెట్టెలో వేసుకుని బడికి పోయేవాళ్లం. మూడేండ్లుగా మా పాపకు చూపిద్దామంటే ఒక్కటీ దొరకలేదు. దున్నుతుంటే వానపాములూ లేవు, మడక వెనక కొంగలూ రావు. మన అనంతపురం జిల్లాకు ఏడాదికి 500-550 మిల్లీమీటర్ల వానే దిక్కు. అదీ ఒక్కసారిగా కురిసి నెలంతా మొగం చాటేస్తోంది. దానివల్లేనా ఇవి పోయింది? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

మట్టి చదువు:
అన్నా, వాన ఒక కారణమే. ఆరుద్ర పురుగు ఎనిమిది కాళ్ల నల్లి జాతిది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, నేల బాగా తడిస్తేనే పైకొస్తుంది. పిల్లప్పుడు మిడతల్లాంటి వాటి ఒంటికి అతుక్కుని బతుకుతుంది, పెద్దయ్యాక పురుగుల గుడ్లు తింటుంది. వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది కాబట్టి ఒళ్లు ఆరితే చస్తుంది. ఎండలకు లోతుకు దిగి ముడుచుకుని పడుకుంటుంది. సరే, మళ్లీ పైకొస్తే తినడానికేముంది? చెనిక్కాయను వేళ్లతో సహా పీకేస్తాం, కాయలు తీసిన కట్టె పశువుల మేతకు పోతుంది. ఎండాకాలమంతా నేల బోసిగా కాలుతుంది. గట్టు మీద ఒకటి, చేను నడుమ ఒకటి గుంత తవ్వి చూడన్నా. రెండు చోట్లా పడిన వాన ఒకటే కదా.

కదిరి అక్క:
వేరుపురుగుకని మేము ఏటా గుళికలు వేసేవాళ్లం. ఆ మందు మంచి పురుగుని వదిలేస్తుందా తమ్ముడూ? మానేసి నాలుగేండ్లయింది. రెండెకరాల్లో వానలకు ముందే పొడి దుక్కిలో అలసంద, ఉలవ, సజ్జ, జొన్న, ఆముదం కలిపి చల్లుతున్నాం. రెండేండ్లు ఏమీ కనిపించలేదు, మా ఆయన విసుక్కున్నాడు. మూడో ఏడు చెట్ల మొదళ్లలో వానపాములు విసర్జించిన మట్టి కుప్పలు చూశాను. ఆ చేను మిగతాదాని కంటే మెల్లగా ఆరుతోంది.

కళ్యాణదుర్గం రైతు:
నిన్న రాత్రి వాన పడింది, పొద్దున్నే తవ్వాను. అడుగు లోతు. గట్టు మీద వేపచెట్టు కింద ఏడు వానపాములు. ముప్పై అడుగుల అవతల, చేను నడుమ చీమలు తప్ప ఏమీ లేవు. ఆ గుంత దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. పాపకు గట్టు గడ్డిలో ఒక ఆరుద్ర పురుగు కూడా దొరికింది. అక్కా, ఒక ఎకరంలో ఈసారి చెనిక్కాయ మానేసి మీరు చెప్పినవి చల్లుతా. ఇప్పుడు పదునులో వేసినా ఫరవాలేదా? ఎకరాకు విత్తనం ఎంత పడుతుంది?