ఆస్తమా ఉన్నా పరుగు కొనసాగించొచ్చా?

కొత్త అడుగు:
నాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉంది. మెట్లెక్కితే ఆయాసపడకూడదని ఈమధ్యే పరుగు మొదలుపెట్టాను. పరిగెత్తేటప్పుడు బాగానే ఉంటుంది కానీ ఆపిన కాసేపటికి ఛాతీ పట్టేసి, దగ్గు, పిల్లికూతలు. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి మానేయమంటున్నారు. నాకైతే మానాలని లేదు. ఏం చేయాలి?

నిలకడ:
మానక్కర్లేదు, కానీ ముందు డాక్టర్‌కి ఇదే మాట చెప్పండి. నోటితో వేగంగా గాలి పీల్చినప్పుడు శ్వాసనాళాల లోపలి తడి ఆరిపోయి అవి బిగుసుకుంటాయి, అందుకే చలిగా, పొడిగా ఉన్న రోజుల్లో ఇబ్బంది ఎక్కువ, అదీ చాలామందికి ఆపాక 5 నుంచి 15 నిమిషాల్లోనే మొదలవుతుంది. పరుగుకి 10-15 నిమిషాల ముందు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ తీసుకోమని చాలామందికి చెప్తారు, మీకు ఏది సరిపోతుందో అడగండి. వార్మప్ మాత్రం వదలొద్దు. 10 నిమిషాలు నడక, మధ్యమధ్యలో చిన్న చిన్న పరుగులు, చివర్లో కూడా ఒక్కసారిగా ఆగకుండా మెల్లగా తగ్గించడం. నాకు అన్నిటికంటే పనిచేసింది ఇదే.

నీటి చేప:
ఈత కూడా చూడండి, తేమ గాలి కాబట్టి హాయిగా ఉంటుంది. క్లోరిన్ పడనివాళ్లకి మాత్రం కష్టమే.

ఊపిరి:
2003లో మహిళల మారథాన్‌లో 2:15:25తో ప్రపంచ రికార్డు పెట్టిన పౌలా రాడ్‌క్లిఫ్‌కి కూడా ఆస్తమానే, ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఇంకోటి, వ్యాయామం లేని రోజుల్లో కూడా రిలీవర్ (సాల్బుటమాల్ లాంటి, ఇబ్బందిని వెంటనే తగ్గించే ఇన్‌హేలర్) వారానికి రెండుసార్లకి మించి కావాల్సి వస్తుంటే ఆస్తమా అదుపులో లేనట్టే, రోజూ వాడే మందు గురించి మాట్లాడాలి. పఫ్ తీసుకున్నా ఊపిరి అందకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి.