మార్చి 21 ఉగాది ప్రోగ్రాం: వివక్ష మీద స్టాల్, స్కిట్‌కి వాలంటీర్లు కావాలి

అందరికీ నమస్కారం. ఈసారి ఉగాది మార్చి 19, గురువారం పడింది కాబట్టి మన మెల్‌బోర్న్ ప్రోగ్రాం 21, శనివారం పెట్టుకున్నాం. అదే రోజు ఇక్కడ హార్మొనీ డే, అంటే సామరస్య దినం. స్కూళ్లలో పిల్లలకి ఆరెంజ్ బట్టలు వేసి పంపమంటారు కదా, అదే. నిన్న మీటింగ్‌లో మనమూ ఆరెంజ్ రిబ్బన్లు కట్టి రెండు పోస్టర్లు అంటిస్తే సరిపోతుందన్నారు. నాకు అది సరిపోదు, ఎందుకో రాస్తున్నాను.

ఆ తేదీ ఊరికే రాలేదు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా పాస్ పుస్తకం దగ్గర పెట్టుకోవాలనే చట్టం ఉండేది. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో దానికి ఎదురు నిలిచిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, అప్పటి అధికారిక లెక్కే 69 మంది చనిపోయారని. 1966లో ఐక్యరాజ్యసమితి ఆ రోజుని జాతి వివక్ష నిర్మూలన దినంగా ప్రకటించింది. ఆస్ట్రేలియాలో 1999 నుంచి హార్మొనీ డే అంటున్నారు, దాంతో వివక్ష అనే మాటే పేరులోంచి పోయింది. మన స్టాల్‌లోనైనా ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. 2009 మే నెల గుర్తుందా? ఇదే ఊళ్లో ఒక తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో పొడిచారు, నెలాఖరుకి మన విద్యార్థులు వేలమంది ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర రోడ్డు మీద బైఠాయించారు.

స్కిట్ సంగతి. పోయినేడాది మా అత్తగారితో వెరిబీ ట్రైన్‌లో వస్తుంటే ఒకడు ఆవిడ చీర చూసి, మీ దేశం పొండి అని అరవడం మొదలెట్టాడు. పెట్టె నిండా జనం, అందరూ ఫోన్లలోకి తలలు దించేశారు. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం లేచొచ్చి మా అత్తగారి పక్కన కూర్చుని, వాడి వైపు చూడను కూడా చూడకుండా, చీర భలే ఉంది, ఎక్కడ కొన్నారని మాటలు కలిపింది. ఆవిడకి ఇంగ్లిష్ అంతగా రాదు, "మంగళగిరి, మంగళగిరి" అంటూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మేం దిగేదాకా వదల్లేదు. వాడు రెండు స్టేషన్ల తర్వాత దిగిపోయాడు. 2012లో ఇక్కడి మానవ హక్కుల కమిషన్ మొదలుపెట్టిన "రేసిజం. ఇట్ స్టాప్స్ విత్ మి" ప్రచారం కూడా పక్కనున్నవాళ్లు ఊరుకోకూడదనే గట్టిగా చెబుతుంది. నాలుగు కుర్చీలు వరసగా వేస్తే ట్రైన్ అయిపోతుంది, ఐదు నిమిషాలు చాలు.

స్టాల్‌లో ఇద్దరు కూర్చుని, కమిషన్‌కి ఫిర్యాదు ఎలా చెయ్యాలో చూపించాలి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే రాసి పంపొచ్చు. ఇది మనలో చాలామందికి తెలీదు. ఫోన్‌లో దుభాషి కావాలంటే 131 450, ఆ నంబర్ కార్డు మీద వేయిద్దాం.

కిచెన్ టీం నుంచి:
అక్కా, స్టాల్ వరకు ఓకే. కానీ మీరు పంపిన రెండో పోస్టర్ మీద "మనవాళ్లేనా?" అని ఉంది. పండగ పూట కులం గొడవ ఎందుకక్కా, పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. బయటివాళ్లు మనల్ని అన్నదాని వరకు చెప్తే చాలు కదా.

మళ్లీ నేనే:
తమ్ముడూ, నీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. కానీ జూలై ఇంటేక్‌లో చదువుకోడానికి వచ్చిన ఒక అబ్బాయి ఇక్కడి టార్నీట్‌లో రూం కోసం ఫోన్ చేస్తే ముందు ఏ ఊరన్నారు, తర్వాత ఇంటిపేరు అడిగారు, ఆ తర్వాత "అంటే మనవాళ్లేనా?" అన్నారు. వాడు ఉన్నది చెప్పాడు. రూం అయిపోయింది బాబూ అని పెట్టేశారు, ఆ ప్రకటన మాత్రం ఇంకో రెండు వారాలు మన గ్రూపులోనే ఉంది. పదకొండు రోజులు మా సోఫా మీద పడుకున్నాడు ఆ పిల్లాడు. ట్రైన్‌లో అరిచినవాడి మీద పోస్టర్ పెట్టి దీన్ని వదిలేస్తే నాకు ఆ స్టాల్‌లో కూర్చోబుద్ధి కాదు. పోస్టర్ మీద ఏ కులం పేరూ ఉండదు, ఆ ఒక్క ప్రశ్నే ఉంటుంది. ఇకమీదట కులం అడిగే రూం ప్రకటనలు మన గ్రూపులో తీసేయాలని కమిటీలో ఓటింగ్ పెట్టమని కూడా అడుగుతున్నాను.

పోస్టర్ల ప్రింటింగ్ నేను చూసుకుంటాను. స్టాల్‌కి ఇంకొకరు, స్కిట్‌లో అరిచే వేషానికి ఒకరు కావాలి, ఆ వేషం ఎవరూ వద్దంటున్నారు కానీ ఎవరో ఒకరు వేయక తప్పదు. చీర మా అత్తగారిదే ఇస్తాను, ఆ రోజు కట్టుకున్నదే. కట్టుకునే మనిషి కూడా ఇంకా దొరకలేదు, ఆదివారంలోగా చెప్పండి.