నెట్‌వేర్ 3.12లో (నోవెల్ వాళ్ల పాత నెట్‌వర్క్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఇద్దరు ఒకేసారి తెరిస్తే మెనూ పాడవుతోంది, ఎవరైనా చూసి చెప్పగలరా?

నాన్నగారి పాత లెక్కలన్నీ నెట్‌వేర్ సర్వర్‌లోనే ఉన్నాయి. ఆయనకి డాస్ కమాండ్లు రావు, నీలం తెర మీద బాణం కీతో దిగి "లెడ్జర్" దగ్గర ఎంటర్ కొట్టడమే అలవాటు, అందుకే ఆ మెనూ అలాగే బతికుండాలని నా తాపత్రయం.

3.11 నాటి ఎంఎన్‌యూ ఫైల్‌ని (పాత మెనూ ఫైల్) 3.12కి కావలసిన ఎస్ఆర్‌సీ ఫైల్‌గా మార్చి, మెనూమేక్ ప్రోగ్రామ్‌తో కంపైల్ చేసి, మెనూని చూపించే ఎన్‌మెనూతో నడిపాను. ఒక్కరుంటే బ్రహ్మాండంగా ఉంది. రెండో మెషిన్‌లో కూడా తెరిస్తే మాత్రం ఒకరు నొక్కింది ఇంకొకరి దగ్గర తెరుచుకుంటోంది!

తాత్కాలిక ఫైళ్లు రెండిటికీ ఒకే పేరుతో పడుతున్నాయని నా అనుమానం. లాగిన్ స్క్రిప్ట్‌లో (లాగిన్ అయినప్పుడు నడిచే కమాండ్లు) ఎస్_ఫైల్‌కి, అంటే ఆ తాత్కాలిక ఫైళ్ల పేరు చెప్పే సెట్టింగ్‌కి, స్టేషన్ నంబరు (ఒక్కో మెషిన్ కనెక్షన్‌కి ఉండే నంబరు) ఇస్తే సరిపోతుందా, అవి ఎక్కడ పడాలో చెప్పే ఎస్_ఫైల్‌డిర్‌లో ఒక్కొక్కరికీ వేరే డైరెక్టరీ కూడా పెట్టాలా? అక్కడ రాసే, చెరిపే హక్కులు ఇచ్చాను. ఇది చేసి చూసినవాళ్లు ఆ లైన్లు ఇక్కడ పెట్టండి ప్లీజ్.