సమస్య: “పెండ్లి యైన పిదప విడిచె సగము”

నిర్వాహకుడు (నెల్లూరు): ఛందస్సు ఆటవెలది. ఆస్తి పంపకాలు, అత్తింటి గొడవలు వద్దు. క్షీరదాల అండంలో కణవిభజనను ఎంజైములు ఆపి, విడిచే తీరు మీదే పూరించాలి. పెండ్లి అంటే ఇక్కడ శుక్రకణం అండంలో కలవడం.

కావలి పంతులు:
అండ మాగి యుండు నర్ధమార్గమునందు
కాల్షియంపు టలలు కదలువరకు
శుక్రకణము సోకఁ జుట్టిన ముడి వీడ
పెండ్లి యైన పిదప విడిచె సగము

నిర్వాహకుడు: ధార బాగుంది పంతులుగారూ. శాస్త్రమూ కుదిరింది. చాలా క్షీరదాల్లో తొలి ధ్రువకణం (విభజనలో సగం గుణసూత్రాలతో విడిపోయే చిన్న కణం) అండం విడుదలకు ముందే బయటపడుతుంది, రెండోది శుక్రకణం చేరాకే. అయితే ముడి వేసిందెవరు? ఎంజైము ఊసే లేదు.

కందుకూరు బయాలజీ:
సైక్లినుండువరకు సాగదు విభజన
కావలుండు నెమిటు కదలనీక
కాల్షియముకు లేచి కైనేజు తరుమగా
పెండ్లి యైన పిదప విడిచె సగము

సైక్లిన్ అనే ప్రొటీన్‌ను కరిగింపజేసేది ఏపీసీ అనే ఎంజైము. ఆ ఏపీసీని ఎమిటూ (పద్యంలో ఎమిటు) అనే ప్రొటీను అడ్డుకుంటుంది. మాస్ అనే కైనేజు మొదలుపెట్టే మ్యాప్ కైనేజుల వరుస ఎమిటూకి బలం (కైనేజు అంటే ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఎంజైము). కాల్షియం పెరిగితే క్యామ్ కైనేజు-2 లేచి ఎమిటూను పడగొట్టిస్తుంది.

నిర్వాహకుడు: ఎంజైము వచ్చింది, సంతోషం. “కాల్షియముకు” సాధువు కాదమ్మా, “కాల్షియమునకు” అనాలి. “కాల్షియంబు తగుల” అంటే గణాలూ సరిపోతాయి.

పెన్నాతీరం: “సాగదు” దగ్గర నాకు అభ్యంతరం. 1971లో మసుయి, మార్కెర్ట్ అనే శాస్త్రవేత్తలు కప్ప అండాల్లో చూపిన, అండాన్ని పక్వం చేసే కారకమైన ఎంపీఎఫ్‌లో ఉండేది ఈ సైక్లినూ, సీడీకే1 కైనేజూ. కణాన్ని విభజనలోకి తోసేదే అది. “ముగియదు” అనాలి.

కందుకూరు బయాలజీ: అర్థానికి మీ మాటే మేలండీ. కానీ “సై”కి “ము”తో యతి చెల్లదు. మెటాఫేజు (గుణసూత్రాలు నడుమ వరుసకట్టే దశ) దాటి సాగదు అన్న అర్థంలో వాడాను.

పెన్నాతీరం: ఆ అర్థంలో ఒప్పుకుంటాను. మాస్ సంగతి పద్యంలోకి వస్తే ఇంకా బాగుండేది. 1994లో మాస్ జన్యువు తీసేసిన ఆడ ఎలుకల్లో చాలా అండాలు పెండ్లిదాకా ఆగనే లేదు.

ఒంగోలు పశువైద్యుడు:
వంగవోలు గిత్త వదలిన శుక్రంబు
తట్ట కాల్షియంబు తళుకు లీన
గోవు నండ మపుడు గుణసూత్రములనుండి
పెండ్లి యైన పిదప విడిచె సగము

నిర్వాహకుడు: “గుణసూత్రములనుండి” అన్న ఆ ఒక్క మాటకే ఈ పూరణకు నా ఓటు, డాక్టరుగారూ. ఆవు అండంలో అప్పటికి 30 గుణసూత్రాలు, ఒక్కోటీ జంట పోగులు. ఒక్కో జంట నుంచి ఒక పోగు రెండో ధ్రువకణంలోకి పోతుంది. సగం లెక్క ఇంత సూటిగా మిగతా పద్యాల్లో లేదు. ఎంజైము లేని లోటు మాత్రం మీకూ ఉంది.

ఒంగోలు పశువైద్యుడు: నిజమే. శుక్రకణం తెచ్చే, కాల్షియం అలలు లేపే ఎంజైము పీఎల్‌సీ-జీటాను ఇరికించాలని చూశాను, గణం కుదరలేదు. ఈసారి తొలి మజిలీ మీద సమస్య ఇవ్వండి. పుటకంలో (అండాశయంలో అండం పెరిగే సంచిలో) ఉన్నంతకాలం సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు, అది లేపే పీకేఏ అనే కైనేజు అండాన్ని కదలనివ్వవు. బయటికి తీసి పోషక ద్రవంలో ఉంచితే అదే కదిలి, ఒక రోజులో తొలి ధ్రువకణాన్ని వదులుతుంది.