నడుముకి రేడియేషన్ పెడితే ఊపిరితిత్తుల్లో గడ్డలు కూడా తగ్గుతాయా?

ప్రశ్న:
మా నాన్నగారికి కిడ్నీ క్యాన్సర్, వెన్నెముకకి, ఊపిరితిత్తులకి పాకింది. నడుం నొప్పికి ఐదు రోజులు రేడియేషన్ ఇస్తామన్నారు (మావైపు కరెంటు పెట్టడం అంటారు). ఒకచోట పెడితే దూరంగా ఉన్న గడ్డలు కూడా కరుగుతాయని మా బాబాయి ఎక్కడో చదివి చెప్పాడు. నిజమైతే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు మానేయొచ్చా? ఒక్కో డోసుకి చాలా అవుతోంది, ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

జవాబు 1:
రేడియేషన్ విభాగంలో పనిచేస్తానమ్మా. మీ బాబాయిగారు చెప్పింది ఉన్నదే, ఆబ్‌స్కోపల్ ఎఫెక్ట్ అంటారు, 1953లో మోల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. కిరణాలకి చచ్చిన గడ్డ కణాల్లోంచి ప్రోటీన్లు బయటపడతాయి, డెండ్రైటిక్ కణాలనే కాపలా కణాలు వాటిని దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్లి టీ కణాలకి (రోగనిరోధక శక్తిలో సైనికుల్లాంటివి) చూపిస్తాయి, ఆ టీ కణాలు రక్తంలో తిరుగుతూ ఊపిరితిత్తుల్లో ఉన్న గడ్డని కూడా గుర్తుపట్టి చంపగలవు. కానీ చాలా అరుదు. 1969 నుంచి 2014 దాకా వైద్య పత్రికలు వెతికితే, రేడియేషన్ ఒక్కదానితోనే ఇలా జరిగిన కేసులు 46 దొరికాయి. క్యాన్సర్ టీ కణాలకి బ్రేకు వేసేస్తుంది మరి. ఆ బ్రేకు తీసేదే మీరు మానేద్దామనుకుంటున్న ఇంజెక్షన్! దయచేసి మానకండి.

జవాబు 2:
2012లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి డాక్టర్లు ఒక మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) పేషెంటు గురించి రాశారు. ఇపిలిముమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు తీసుకుంటున్నా గడ్డలు పెరుగుతుంటే వెన్నెముక పక్కదానికి రేడియేషన్ ఇచ్చారు, తర్వాత కొన్ని నెలల్లో ప్లీహంలోవి కూడా తగ్గాయి. అది చదివి నేను చాలా ఆశపడ్డాను. కానీ అక్కడివాళ్లే 62 మంది తల, మెడ క్యాన్సర్ పేషెంట్లతో చేసి 2021లో ప్రచురించిన ట్రయల్లో, నివోలుమాబ్ అనే ఇంకో ఇమ్యునోథెరపీ మందుకి రేడియేషన్ కలిపినవాళ్లలో 29 శాతం మందికి మిగతా గడ్డలు తగ్గితే, మందు ఒక్కటే తీసుకున్నవాళ్లలో 34.5 శాతం మందికి తగ్గాయి. కాబట్టి రెండూ కలిపినా ఖాయమని అనుకోకండి.

జవాబు 3:
అక్కా, మా అమ్మకి తుంటి ఎముకకి పెట్టించాం. రెండు వారాలకి నొప్పి తగ్గి రాత్రిళ్లు నిద్రపట్టింది. స్కాన్‌లో మిగతా మచ్చలు అలాగే ఉన్నాయని కుంగిపోయాం కానీ, అసలు రేడియేషన్ ఇచ్చింది నొప్పికే కదా. ఖర్చుకైతే మందుల కంపెనీల సహాయ పథకాలు ఉంటాయి, ఆస్పత్రిలో తప్పకుండా అడగండి. కిడ్నీ క్యాన్సర్ మాత్రలు కూడా వేసుకుంటుంటే, రేడియేషన్ రోజుల్లో ఆపాలేమో కూడా డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్సండీ. మాత్రల సంగతి మాకు తట్టనేలేదు, రెండు రకాలు వేసుకుంటున్నారు. సోమవారం చీటీ పట్టుకెళ్లి అడుగుతాను. ఇంజెక్షన్ మాత్రం ఆపం.